మాల లేని దీక్షకీ తోడు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఇరవై మూడేళ్లుగా దర్జీ పని చేసుకుంటున్నాను. మీ పేపరు పాతపట్నం మీదుగా పొద్దున్నే మా ఊరు వస్తుంది. ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. చదివేసిన పేపరు కూడా నా దగ్గర వృథా పోదు, దాని మీదే కాలర్లకీ చేతులకీ నమూనాలు గీసి కత్తిరించుకుంటాను.

మొన్న మే 31 నాటి పేపరు కత్తిరించబోయి ఆగిపోయాను. ప్రపంచ పొగాకు వ్యతిరేక దినోత్సవం పేజీ. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ, క్యాన్సర్ గురించి డాక్టరు గారి హెచ్చరిక. అందులో రాసిందంతా నిజమే. అయితే ఇలాంటి పేజీ నేను పాతికేళ్లుగా చూస్తున్నాను. చాలాసార్లు సిగరెట్ కాలుస్తూనే చదివాను. చదివి భయపడ్డాను. ఆ భయానికి ఇంకొకటి వెలిగించాను. ఒక మనిషి మానేద్దామని కూర్చుంటే పక్కనున్నవాళ్లు ఏం చెయ్యాలి? ఆ సంగతి ఏ సంవత్సరమూ ఆ పేజీలో నాకు కనపడలేదు. అది రాద్దామనే కలం పట్టుకున్నాను. ఉత్తరం పొడుగైతే క్షమించండి.

నాకు నలభై అయిదేళ్లు. పంతొమ్మిదో ఏట శ్రీకాకుళంలో పని నేర్చుకునేటప్పుడు సిగరెట్ అలవాటైంది. కటింగ్ బల్ల దగ్గర కాల్చకూడదు, బట్ట మీద నిప్పురవ్వ పడితే ఖాతాదారుకి ఏం సమాధానం చెప్తాం? అందుకని ప్రతి పీసు అయ్యాక బయటికి వెళ్లి ఒకటి కాల్చడం అలవాటు చేసుకున్నాను. ప్యాంటు కత్తిరిస్తే ఒకటి, చొక్కాకి కాలర్ వేస్తే ఒకటి. అలా రోజుకి పన్నెండు దాకా వచ్చింది. ఇప్పుడు నేను సిగరెట్ ముట్టి పదహారు నెలలు దాటింది. అది నా ఒక్కడి పట్టుదల వల్ల కాలేదు.

మా ఊళ్లో కార్తీకం వస్తే అయ్యప్ప మాలలు వేసుకునేవాళ్లు చాలామంది. నేనూ రెండుసార్లు వేసుకున్నాను. రెండుసార్లూ నలభై ఒక్క రోజులు సిగరెట్ జోలికి పోలేదు. ముందు రోజు రాత్రి దాకా కాల్చినవాణ్ణి, మాల మెడలో పడ్డాక ఒక్కటి కూడా కాల్చలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రమే టీ కొట్టు దగ్గర మా బావ ప్యాకెట్టు నా ముందుకి చాపాడు. (బావ అంటే చుట్టరికం కాదు, చిన్నప్పటి స్నేహం. పాతపట్నానికి ఆటో వేస్తాడు.) ‘ఇంకేటి బావా, మాల తీసేసావు కదా’ అన్నాడు. తీసుకున్నాను. ఆ రాత్రి నిద్రపోయేలోపు నాలుగు అయ్యాయి.

నాకు దేవుడి మీద భక్తి ఉంది. ఆ నలభై ఒక్క రోజులు ఆయన దయే. కానీ ఆ రోజుల్లో మనుషులు నాకు ఏం చేశారో తరవాత ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. టీ కొట్టు పిన్ని నా గ్లాసు వేరుగా కడిగి పెట్టేది. బస్టాండులో ముక్కూమొహం తెలియని మనిషి నా నల్లబట్టలు చూసి సిగరెట్ వెనక్కి దాచి, ‘స్వామీ’ అని పక్కకి జరిగాడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం అయిదారుగురం కలిసి భజన. తోచని ఘడియ అంటూ లేదు. ‘ఒక్కటి కాలిస్తే ఏటవుతాది’ అన్న మనిషి ఒక్కడు లేడు. నాకు కోపం వస్తే ‘దీక్షలో ఉన్నాడు, అలసిపోయాడు’ అని సర్దుకుపోయారు. ఊరంతా కలిసి నన్ను పట్టుకుని నడిపించింది.

మాల లేకుండా మానేద్దామని నాలుగుసార్లు ప్రయత్నించాను. ‘నువ్వు మానడమా!’ అని నవ్వారు. ఎన్నాళ్లుంటానో పందేలు కట్టారు. రెండో రోజు, మూడో రోజు నా ఎదురుగానే వెలిగించి నా మొహం వంక చూశారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మాల వేసుకున్నవాడికి ఎలా తోడుండాలో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మెడలో ఏమీ లేనివాడికి అదే సాయం చెయ్యాలని ఎవరికీ తట్టలేదు, అంతే.

అసలు మానాలని గట్టిగా ఎందుకు అనిపించిందో కూడా చెప్పాలి. ముందటి ఏడాది నవంబర్లో ఒక పెళ్లికొడుకు కోటు కుట్టాను. మంచి ఊలు గుడ్డ, అస్తరు కూడా బాగా కుదిరింది. ట్రయల్‌కి వాళ్లమ్మగారు వచ్చారు. కోటు చేతిలోకి తీసుకుని, భుజం కుట్టు చూసి, మెడ దగ్గర మొహం ఆనించి ఒక్క క్షణం ఆగారు. ఏమీ అనలేదు. ‘బాబూ, దీన్ని రెండు రోజులు ఎండలో వేసి ఇస్తావా? ముహూర్తానికి ఇంకా వారం ఉంది’ అని మాత్రం అడిగారు. నేను షాపులో ఎప్పుడూ కాల్చలేదు. అయినా నా వేళ్ల నుంచి, నా చొక్కా నుంచి ఆ వాసన వాళ్ల అబ్బాయి పెళ్లి కోటుకి పట్టింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆ కోటు మేడ మీద తాడుకి వేలాడేసి రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను.

మా షాపుకి ఒక ఒడియా మాస్టారు వస్తారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆయన ఒకప్పుడు రోజుకి ఇరవై కాల్చేవారట, మానేసి పదకొండేళ్లయింది. ఆయనకి కోటు సంగతి చెప్పాను. ఆయన ఉపదేశం చెయ్యలేదు. ‘భాయీ, నీకు పని రద్దీ ఎప్పుడు?’ అని అడిగారు. సంక్రాంతి దాకా అన్నాను. ‘అయితే ఇప్పుడు వద్దు. కనుమ వెళ్లిన సోమవారం పెట్టుకో’ అన్నారు. ఆ మాట విలువ నాకు తరవాత తెలిసింది. రాత్రి ఒంటిగంట దాకా మెషీన్ తొక్కే రోజుల్లో మొదలుపెట్టి ఉంటే రెండో రోజే పడిపోయేవాణ్ణి.

ఆయన ఇంకో మాట చెప్పారు. ‘గుణుపురం రైలు బండికి గేటు పడుతుంది చూడు, సైకిలు దిగి నిలబడతావు. గేటు విరగ్గొట్టవు, వెనక్కీ పోవు. అయిదు నిమిషాల్లో బండి వెళ్లిపోతుంది, గేటు లేస్తుంది. కాల్చాలనిపించడం కూడా అంతే. అయిదు నిమిషాలు నిలబడు. ఒంటరిగా నిలబడలేకపోతే నాకు ఫోన్ చెయ్యి.’

ఆ సోమవారం నుంచి అది మా ఇద్దరికీ గుర్తు మాట అయింది. ‘మాస్టారూ, గేటు పడింది’ అనేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ‘కాల్చకు’ అనలేదు. ఏం కుడుతున్నావు, కొలతలు ఎంత, ఆ గుడ్డ మీటరు ఎంత అని అడిగేవారు. తన మనవరాలి లెక్కల పుస్తకం గురించి చెప్పేవారు. నాలుగైదు నిమిషాలయ్యాక ‘బండి వెళ్లిందా?’ అనేవారు. వెళ్లింది అంటే పెట్టేసేవారు. మొదటి రోజు పధ్నాలుగుసార్లు చేశాను. ఆయన పధ్నాలుగుసార్లూ ఎత్తారు. ఒకసారి స్నానం మధ్యలోంచి వచ్చి మాట్లాడారని తరవాత వాళ్లావిడ చెప్పారు.

మొదటి మూడు రోజులు అన్నిటికన్నా కష్టం. ఒంట్లో నికోటిన్ ఖాళీ అవుతున్న రోజులవి. తల బరువు, చిరాకు, నిద్ర లేదు. చేతులకి ఏం చెయ్యాలో తెలియదు. గీతలు గీసే సుద్దముక్కని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని పెదాల దాకా తెచ్చుకునేవాణ్ణి. అలా తెచ్చుకున్నానని పెదాలకి సుద్ద తగిలాక గాని తెలిసేది కాదు. నాలుగో రోజు మా షాపులో కాజాలు కుట్టే అమ్మ మీద ఒక చిన్న గుండీ కోసం అరిచాను. ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద. తల వంచుకుని పని చేసుకుంది. మర్నాడు పొద్దున బల్ల మీద చిన్న స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. ‘నోట్లో పెట్టుకో నాయినా, మా ఆయన బీడీలు మానినప్పుడు ఇయ్యే పెట్టాను’ అంది. నేను క్షమించమని అడిగేలోపే మెషీన్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ డబ్బా ఇప్పటికీ నా కత్తెర పక్కనే ఉంది. నాకు ఇష్టమైన సాయం ఏది అని ఎవరైనా అడిగితే ఆ డబ్బా చూపిస్తాను.

చేతులు ఖాళీగా ఉండకుండా ఆమె ఇంకో పని కూడా చేసింది. తురుపు పని, అంటే అంచు మడిచి చేత్తో కుట్టడం, తను చేసేది, అది నాకు ఇచ్చేసింది. సూది చేతిలో ఉంటే రెండు చేతులూ పట్టి ఉంటాయి, కళ్లు గుడ్డ మీదే ఉంటాయి. పీసు పీసుకీ లేచి బయటికి వెళ్లే అలవాటు ఆ తురుపులతోనే తగ్గింది.

మందుల షాపు తమ్ముడు నికోటిన్ గమ్ ఇచ్చాడు. రెండు మిల్లీగ్రాములది చీటీ లేకుండానే అమ్ముతారు. నేను దాన్ని మామూలు బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలాను. వెక్కిళ్లు, గుండెల్లో మంట. ఇది నాకు పడదు అని తిరిగిచ్చెయ్యడానికి వెళ్లాను. అతను కౌంటర్ దిగి వచ్చి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ‘అన్నా, నెమ్మదిగా నమలాలి. నాలిక మీద చురుక్కుమనగానే ఆపెయ్యి. బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యి. చురుకు తగ్గాక మళ్లీ రెండు నములు. అరగంట అలా నడిపించు. దానికి ముందు పావుగంట టీ, కాఫీ, పుల్లటివి తాగకు’ అని దగ్గరుండి ఒకటి నమిలించాడు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాడకూడదని కూడా చెప్పాడు. ఆ పది నిమిషాలు అతను నా కోసం కూర్చోకపోతే ఆ అట్ట చెత్తబుట్టలో ఉండేది. సరిగా నమలడం తెలియక మానేసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఒక సంగతి ఎవరూ పత్రికల్లో రాయరు గనక నేను రాస్తాను. చాలామంది మగవాళ్లం పొద్దున్నే సిగరెట్ కాలిస్తే గాని విరేచనం కాదని నమ్ముతాం. మానిన మొదటి వారం నిజంగానే మలబద్ధకం వస్తుంది. ఆ ఒక్క కారణంతోనే మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నాకు తెలుసు. అది రెండు మూడు వారాల ఇబ్బంది. లేవగానే గోరువెచ్చని నీళ్లు, రాత్రి అరటిపండు, మహేంద్రతనయ నది ఒడ్డు దాకా నడక. నాకు పదిహేను రోజుల్లో సర్దుకుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకపోతే లోపల్లోపల టెన్షన్ పడి ఓడిపోతాం.

అలాగే టీ. మానేశాక నాకు గుండె దడ, వేళ్లు వణుకు మొదలైతే ఇదంతా సిగరెట్ లేకనే అనుకున్నాను. మందుల షాపు తమ్ముడే ఒక నంబర్ చూపించాడు, 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్. తెలుగులో మాట్లాడారు. రోజుకి ఎన్ని టీలు అని అడిగారు. ఎనిమిది అన్నాను. సిగరెట్ పొగ వల్ల కాఫీ, టీల్లోని కెఫీన్ ఒంట్లోంచి తొందరగా పోతుందట. పొగ మానేస్తే అదే టీకి కెఫీన్ ఎక్కువసేపు నిలబడుతుంది, అందుకే దడ, నిద్రలేమి. సగానికి తగ్గించమన్నారు. టీ కొట్టు పిన్నికి చెప్తే మర్నాటి నుంచి నాకు మధ్యాహ్నం టీ బదులు మజ్జిగ పోసింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. నాలుగు రోజుల్లో నిద్ర పట్టింది. ఆ ఫోన్‌వాళ్లు తరవాత వాళ్లంతట వాళ్లే చేసి ఎలా ఉన్నావని కనుక్కున్నారు.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆ నంబర్ 2018 నుంచి ప్రతి సిగరెట్ ప్యాకెట్టు మీదా అచ్చు వేస్తున్నారు. నేను ఏళ్ల తరబడి రోజుకి పన్నెండు కాల్చాను, ఆ నంబర్ ఒక్కసారి చూడలేదు. ఎందుకంటే నేను ప్యాకెట్టు కొనలేదు. మా దగ్గర చాలామంది విడిగానే కొంటాం. కొట్టువాడు ప్యాకెట్టు తన దగ్గరే ఉంచుకుని ఒకటి తీసి ఇస్తాడు. ప్యాకెట్టు మీద నూటికి ఎనభై అయిదు వంతులు హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి రూలు. విడిగా కొనేవాడికి ఆ బొమ్మ చేరదు, ఆ నంబరూ చేరదు. రోజుకూలీలు, కుర్రవాళ్లు, నాలాంటి చేతిపనివాళ్లు అంతా విడిగా కొనేవాళ్లమే. మహారాష్ట్రలో 2020లో విడి అమ్మకం ఆపేశారు. అన్ని చోట్లా ఆపాలని నా కోరిక.

పంతొమ్మిదో రోజున తప్పాను. టెక్కలిలో పెళ్లి. భోజనాలయ్యాక పందిరి వెనక పదిమందిమి కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఒకాయన ఇచ్చాడు, తీసుకున్నాను. వెంటనే ఇంకొకటి. ఫోన్ జేబులోనే ఉంది. మాస్టారికి చెయ్యాలని తెలుసు. చెయ్యలేదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, అంతా పోయింది, ఇక మామూలుగా కాల్చుకోవడమే అనుకున్నాను. మర్నాడు మాస్టారి నుంచి తప్పించుకుందామని షాపు ఆలస్యంగా తీశాను. ఆయన అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నారు. చెప్పేశాను.

ఆయన లోపలికి వచ్చి నా సుద్దముక్క తీసుకున్నారు. కటింగ్ బల్ల మీద పరిచి ఉన్న నల్లగుడ్డ పక్కకి జరిపి, చెక్క మీద రాశారు. పంతొమ్మిది ఇంటూ పన్నెండు. కింద గీత గీసి 228. దాని కింద 2. తీసివేత. 226 అని రాసి, బడిలో పిల్లలకి పెట్టినట్టు పక్కన టిక్కు పెట్టారు. ‘ఇన్ని కాల్చలేదు నువ్వు. ఇప్పుడు చెప్పు, ఆ పందిరి వెనక ఎవరి పక్కన కూర్చున్నావు, చేతిలో ఏముంది, కడుపు నిండి ఉందా?’ అని అడిగారు. భోజనం తరవాత కుర్చీ, చేతులు ఖాళీ, పక్కన ప్యాకెట్టు. అదీ నా బలహీనత. అప్పటి నుంచి ఏ విందుకి వెళ్లినా భోజనం కాగానే లేచి చెయ్యి కడుక్కుని పెద్దవాళ్లతో మాట్లాడడానికి వెళ్లిపోతున్నాను. ఆ లెక్క బల్ల మీద వారం రోజులు చెరపలేదు. ఆ రోజు ఆయన ‘నేను ముందే అనుకున్నాను’ అని ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మా బావ గురించి రాయాలి. అతను మానలేదు. మానమని నేను అడగలేదు. కానీ పెళ్లి సంగతి విన్నాక వచ్చి, ‘బావా, మండలం రోజులు నీ ఎదర కాల్చను. నీకు మాల ఉన్నట్టే లెక్క’ అన్నాడు. అన్నట్టే రోడ్డు అవతలికి వెళ్లి కాల్చుకుని, పిన్ని దగ్గర నోరు పుక్కిలించుకుని వచ్చి కూర్చునేవాడు. ఎండలో కూడా అలాగే వెళ్లాడు. మనిషి తాను మానలేకపోయినా ఎదుటివాడికి ఇంత చెయ్యగలడని నాకు బావే చూపించాడు. ఇప్పుడు అతని లెక్క పన్నెండు నుంచి అయిదుకి దిగింది. వచ్చే కనుమ తరవాత సోమవారం అంటున్నాడు. నా ఫోన్ రాత్రిపూట కూడా ఆపకుండా ఉంచుతానని మాటిచ్చాను.

స్నేహితులు చేసే సాయంలో ఒకటి మాత్రం విషం. ‘సిగరెట్ మానేశావు కదా, చిరాకుగా ఉంటే కొంచెం ఖైనీ వేసుకో, గుడాఖు రాసుకో’ అని నాకు కనీసం అయిదుగురు చెప్పారు, ప్రేమతోనే. ఖైనీ అంటే నోట్లో పెట్టుకునే పొగాకు, గుడాఖు అంటే చిగుళ్లకి రాసుకునే పొగాకు ముద్ద. 2016-17లో కేంద్రం చేసిన సర్వేలో ఒడిశాలో పెద్దవాళ్లలో నూటికి 45 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. పొగ తాగేవాళ్లు ఆ నూరు మందిలో ఏడుగురే. మిగిలినదంతా నమిలేది, చిగుళ్లకి రాసుకునేది. పొగ లేదు గనక ప్రమాదం లేదనుకుంటారు. నోటి క్యాన్సర్‌కి పొగ అక్కర్లేదు. సిగరెట్ మాని ఖైనీలోకి వెళ్లిన మనిషి పొగాకు మాననే లేదు.

మా అమ్మమ్మది ఉద్దానం వైపు. ఆమె అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకోవడం. గాలికి ఆరదు, పని చేసుకుంటూ తాగొచ్చు అని ఆ ఊళ్లలో ఆడవాళ్లకి అలవాటు. పొయ్యిలో పుల్ల తెచ్చి నేనే వెలిగించి ఇచ్చేవాణ్ణి. ఆమె నోరు తెరిస్తే అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో ఉండేది. అందరికీ అలాగే ఉంటుందనుకునేవాణ్ణి. ఆ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని విశాఖపట్నంలో డాక్టరు చెప్పేనాటికి ఆమె అన్నం మింగలేకపోయింది. గంజి కూడా పంచదార వేసి చెంచాతో పట్టేవాళ్లం. మానమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, మానడానికి తోడూ లేరు.

ఇంకొక మాట బస్టాండు గురించి. మా వైపు కొట్ల ముందు కొబ్బరి పీచు తాడు కొసకి నిప్పు పెట్టి వేలాడదీస్తారు, వచ్చినవాళ్లు దానితో వెలిగించుకుంటారు. మానినవాడికి ఆ తాడు కనపడితే చాలు, చెయ్యి జేబు తడుముతుంది. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం బస్టాండు కూడా పొగ తాగకూడని చోటే. తాగితే రెండు వందల రూపాయల దాకా జరిమానా. అలాంటి చోట అగ్గిపెట్టె, లైటర్, బూడిద గిన్నె లాంటివి అందుబాటులో పెట్టకూడదని కూడా ఆ రూల్స్‌లో ఉంది. ఈ రెండో మాట కొట్లవాళ్లకి తెలియదు. మా పిన్నికి నేనే చెప్పాను. ఆమె తాడు తీసేసింది. టీ అమ్మకం ఏమీ తగ్గలేదని ఆమే చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకి సిగరెట్లు అమ్మకూడదన్నది మాత్రం అందరికీ తెలుసు, ఎవరూ ఆగరు. మా అన్నయ్య కొడుకుని నేనే ఎన్నోసార్లు పంపి తెప్పించుకున్నాను. వాడికిప్పుడు ఇరవై. వాడి దగ్గర సిగరెట్ వాసన వస్తే ఏ మొహంతో అడగను?

నాకు మంచే జరిగింది. మొదటి నెల దగ్గు ఎక్కువైతే భయపడ్డాను. ఊపిరితిత్తులు శుభ్రపడేటప్పుడు కొందరికి అలా వస్తుందని ఫోన్‌లో చెప్పారు, మూడో నెలకి తగ్గింది. నాలుగు కిలోలు పెరిగాను, నా ప్యాంట్లు నేనే వదులు చేసుకున్నాను. పొగ మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు కాల్చేవాళ్లతో పోలిస్తే సగానికి పడిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నాకు ఆ ఏడాది దాటింది. రోజుకి నూట ఇరవై రూపాయలు మిగులుతున్నాయి. మొన్న ఫిబ్రవరిలో ఆ పెళ్లికొడుకు తమ్ముడి పెళ్లి కుదిరింది. వాళ్లమ్మగారు మళ్లీ నా దగ్గరికే గుడ్డ తెచ్చారు. ఈసారి కోటు ట్రయల్ రోజునే తీసుకెళ్లారు.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక పేజీ చాలదు. మా సరిహద్దు ఊళ్లకి వచ్చే సంచికలో రోజూ ఒక చిన్న పెట్టె కట్టి వెయ్యండి. నాలుగు లైన్లు చాలు. విడిగా కొనుక్కునేవాడికి ప్యాకెట్టు చేరకపోయినా టీ కొట్టులో మీ పేపరు చేరుతుంది. ఆ పెట్టెలో వెయ్యాల్సిన మాటలు నాకు తోచినట్టు కింద రాశాను. బాగోలేకపోతే సరిదిద్దండి. నా పేరు వెయ్యకండి, ఊరి పేరు వెయ్యండి.

‘పొగాకు మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ స్నేహితుడు మానుతుంటే మొదటి నలభై రోజులు అతని ఎదురుగా కాల్చకండి, ఇవ్వకండి, పందెం కట్టకండి. తప్పితే తిట్టకండి. అతను ఫోన్ చేస్తే అయిదు నిమిషాలు వేరే సంగతి మాట్లాడండి.’

ఇట్లు,
ఒక దర్జీ,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.